సగం పాట మావయ్య

ఆ ఊళ్ళో అందరికీ ఆయన మావయ్యే. కూరల బండి దగ్గర బేరమాడే ముసలావిడ మొదలుకొని టౌన్ హాల్లో గుమస్తా దాకా ఎవరి నోట విన్నా అదే పిలుపు. ఆయన మావయ్య కానిది ఇద్దరికే. ఒకరు భార్య, ఆవిడ "ఏమండీ" అంటుంది. రెండోవాడు ఆవిడ తమ్ముడు, "బావా" అంటాడు. ఎన్నికలయ్యాక ఈ రెండోవాడు ఆ పిలుపు కూడా మానేశాడు. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, బావా అనడానికి మనసు రాక, నాలుగు నెలలు ఏ పిలుపూ లేకుండానే గడిపాడు.

మావయ్యకి అరవై ఒకటి. బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. మనిషి బక్కపలచన, బుగ్గలు మాత్రం పక్కింటివాళ్ళవి అరువు తెచ్చుకున్నట్టు ఇంతింత ఉంటాయి. తల మీద మందుకైనా ఒక్క వెంట్రుక లేదు. అలాంటి మనిషి దువ్వెన గుర్తు పార్టీలో ఎందుకు చేరాడని ఎవరైనా అడిగితే, ఆశయం వేరు, అవసరం వేరు అనేవాడు. బావమరిదిది నిచ్చెన పార్టీ. ఇంట్లో బల్బు మార్చాలంటే కుర్చీ ఎక్కలేక, కళ్ళు తిరుగుతాయని అక్కని కేకేసే మనిషి అతను. పార్టీలూ మనుషులూ ఇలా ఎలా జతపడతారో ఆ దేవుడికే తెలియాలి.

ఇద్దరూ ఒకే బ్యాండులో ముప్పై ఏళ్ళుగా పక్కపక్కన నిలబడి క్లారినెట్ వాయించారు. ఆ వాయింపులో ఒక తిరకాసు ఉంది. ఆ ఊరి మెయిన్ రోడ్డు బస్టాండు దగ్గర మొదలై టౌన్ హాలు దగ్గర ఆగుతుంది. మధ్యలో పల్లమన్నది లేదు, అంతా ఎత్తే. పెళ్ళిళ్ళకీ, షాపుల ప్రారంభాలకీ, పార్టీల ఊరేగింపులకీ బ్యాండు ఆ ఎత్తు ఎక్కుతూ వాయించాలి. ఎక్కుతూ ఊదితే మనిషన్నవాడికి ఆయాసం వస్తుంది. ఇప్పుడు లేని పాత బ్యాండు మాస్టారు దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్రతి పాటనీ వరసలుగా కోసి, ఒకటో వరస మావయ్యకీ, రెండోది బావమరిదికీ, మూడోది మళ్ళీ మావయ్యకీ పంచేశాడు. ఒకడు వాయిస్తుంటే రెండోవాడు ఊపిరి తీసుకోవాలి. తనది కాని వరస నేర్చుకోవడానికి ఎవరికీ తీరిక లేదు, అవసరమూ లేదు. ముప్పై ఏళ్ళలో ఇద్దరూ కలిసి నూటనలభై పాటలు నేర్చారు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కరికీ ఒక్క పాటా పూర్తిగా రాదు.

ఇలా బతుకు సాఫీగా సాగుతుండగా ఎన్నికలు వచ్చాయి. బ్యాండు పొద్దున దువ్వెనకి వాయించింది, సాయంత్రం నిచ్చెనకి వాయించింది, రెండింటికీ అదే పాట. నిచ్చెన పార్టీ పదకొండు ఓట్ల తేడాతో గెలిచింది. బ్యాండులో ఉన్నది సరిగ్గా పదకొండు మంది. ఇంకేముంది, ఓడినవాళ్ళు బ్యాండే తమ కొంప ముంచిందన్నారు. గెలిచినవాళ్ళు అది బ్యాండు గొప్పేమీ కాదని, తమ సిద్ధాంతం గొప్పని అన్నారు. వారం తిరక్కుండా బ్యాండు రెండు ముక్కలైంది. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. కోట్లు అందరివీ ఒకే ఎరుపు కాబట్టి, తేడా తెలియడానికి దువ్వెన వాళ్ళు గుండీలు పెట్టుకోవడం మానేశారు. నిచ్చెన వాళ్ళు మెడదాకా బిగించుకుని ఉక్కకి ఓర్చుకున్నారు.

పదకొండో మనిషి పెద్ద డ్రమ్ము వాయించేవాడు. పోలింగు రోజు మధ్యాహ్నం కునుకు తీసి, లేచేసరికి సాయంత్రమై, ఓటే వెయ్యలేదు. రెండు వర్గాలూ ఒకరినొకరు ఎంత తిట్టుకున్నా, ఇతన్ని తిట్టడంలో మాత్రం ఏకాభిప్రాయానికి వచ్చాయి. అయినా ఊళ్ళో పెద్ద డ్రమ్ము ఒక్కటే ఉండడంతో ఇద్దరూ అతన్నే పిలిచేవారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అతను తలవంచుకుని ఇద్దరికీ కొట్టేవాడు.

ఇంట్లో సంగతి ఇంకా అందంగా తయారైంది. బావమరిది పెళ్ళి చేసుకోలేదు. మేడ మీద గదిలో ఉంటూ, రెండు పూటలా కిందికి దిగి అక్క చేతి అన్నం తింటాడు. ఎన్నికల తర్వాతా వచ్చాడు, సిద్ధాంతానికీ ఆకలికీ సంబంధం లేదు కాబట్టి. కాకపోతే కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. కూర కావాలంటే గోడతో చెప్పేవాడు. అక్క గిన్నె తీసుకుని చుట్టూ తిరిగి వెళ్ళి వడ్డించేది. మావయ్య ఆ గిన్నె తనదగ్గరే ఉందని తెలిసినా జరిపేవాడు కాదు. గెలిచినవాడు అన్నీ గెలుచుకున్నాడుగా, కూర కూడా గెలుచుకోమను అని పెరుగుకి చెప్పేవాడు.

ఆవిడ ఎవరికి ఓటేసిందో ఇద్దరూ అడిగి అడిగి అలిసిపోయారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆవిడకి తెలుసు. మీ ఇద్దరిలో ఎవరు ముందు లేచి గిన్నెలు కడిగితే వాళ్ళ పార్టీకే వేశాననుకోండి అంది. ఎవరూ లేవలేదు.

ఇక వీధిలో రెండు బ్యాండులూ సగం సగం పాటలు వాయించడం మొదలుపెట్టాయి. మావయ్య ఒకటో వరస వాయించి ఆగేవాడు. రెండో వరస రావలసిన చోట డ్రమ్ము మాత్రం మోగేది. తర్వాత మూడో వరస. నిచ్చెన బ్యాండుది దానికి తలకిందులు, ముందు ఖాళీ, తర్వాత రెండో వరస. మొదట్లో జనం ఇబ్బంది పడ్డారు. అలవాటయ్యాక గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ ఖాళీలోనే అసలు సంగీతం ఉందని దువ్వెన వాళ్ళు వాదించారు. ప్రశ్న ఎవడైనా వేస్తాడు, జవాబు చెప్పడమే గొప్ప అని నిచ్చెన వాళ్ళు అన్నారు. దువ్వెన పార్టీ ఇంట్లో ఒక ఇల్లాలు బట్టలు ఆరేస్తూ మాటవరసకి రెండో వరస కూనిరాగం తీస్తే, అత్తగారు మూడు రోజులు మాట్లాడలేదు. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు గానీ, ఆ ఊరివాళ్ళు రెండు కాళ్ళ కుందేలుని పట్టుకుని అది పరుగెడుతోందని చంకలు గుద్దుకున్నారు.

ఆ రోజుల్లోనే మావయ్యకి దగ్గు పట్టుకుంది. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఊపిరితిత్తులు అరిగాయన్నాడు. ఆగి ఆగి వాయిస్తే ఫర్వాలేదు, గుక్క తిప్పుకోకుండా వాయిస్తే మాత్రం ఏ రోజో రోడ్డు మీద పడిపోతారని, అప్పుడు తన దగ్గరికి తేవలసిన పని కూడా ఉండదని చెప్పాడు. మావయ్య తేలిగ్గా నవ్వేశాడు. నేను వాయించేదే సగం కదా అన్నాడు. బ్యాండు చీలినా ఆ సగం వాయింపే ఆయనకి మేలు చేసింది, కొన్నాళ్ళు.

ఆ మేలు మంచాల షాపు వల్ల చెడింది. షాపాయన తెలివైనవాడు. మంచం లేకుండా పడుకునే పార్టీ లేదు కాబట్టి అతనికి ఇద్దరూ కావాలి. కొత్త షాపు ప్రారంభానికి రెండు బ్యాండులకీ వేర్వేరుగా కబురు పెట్టి, ఒకదాన్ని కుడి పేవ్‌మెంటు మీదా, ఒకదాన్ని ఎడమ పేవ్‌మెంటు మీదా నిలబెట్టాడు. అవతల ఎవరూ లేనట్టే ఇద్దరూ ఆకాశంలోకి చూస్తూ మొదలుపెట్టారు. డ్రమ్ము ఒక్కటే, నడక ఒక్కటే. మావయ్య ఖాళీలో బావమరిది వరస వచ్చి పడింది, బావమరిది ఖాళీలో మావయ్య వరస పడింది. నాలుగు నెలల తర్వాత ఊళ్ళో పాట పూర్తిగా వినపడింది. కాఫీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించేశారు. ఒక పెద్దమనిషి కళ్ళు తుడుచుకుని, తర్వాత తనది ఏ పార్టీయో గుర్తొచ్చి దుమ్ము పడిందన్నాడు.

మర్నాడే మావయ్యని దువ్వెన పార్టీ ఆఫీసుకి పిలిచారు. కార్యదర్శికి కళ్ళజోళ్ళ షాపు ఉంది, ఆఫీసు ఆ షాపు వెనక గదే. గోడ మీద అక్షరాల చార్టు కింద మావయ్యని కూర్చోబెట్టి విచారణ చేశారు. కుట్ర చేశారా అని అడిగారు. లేదన్నాడు. ముందే మాట్లాడుకున్నారా అన్నారు. మేం ఒకే ఇంట్లో ఉండీ మాట్లాడుకోం, వీధిలో ఏం మాట్లాడుకుంటాం అన్నాడు. చివరికి కార్యదర్శి అసలు నేరం బయటపెట్టాడు.

"వాళ్ళు రెండో వరస వాయిస్తున్నప్పుడు మీరేం చేస్తున్నారు మావయ్యా?"

"ఊపిరి తీసుకుంటున్నాను."

"అదే. వాళ్ళ వరసలో తీసుకున్నారు."

కార్యకర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంత దూరం వాళ్ళెవరూ ఆలోచించలేదు. ఖాళీ వదిలితే శత్రువు దూరతాడని, ఇకమీద పాట మొత్తం మావయ్యే వాయించాలని, మధ్యలో ఎక్కడా ఊపిరికి ఆగకూడదని తీర్మానం రాశారు. డాక్టరు మాట మావయ్య చెప్పబోతే, ఆ డాక్టరు ఎవరికి ఓటేశాడో ముందు కనుక్కోమన్నారు. కాదంటే కోటూ క్లారినెట్టూ తిరిగి ఇచ్చెయ్యమన్నారు, అవి బ్యాండువి గనక. పైఊరి నుంచి ఇంకొకడిని తెప్పించుకుంటామన్నారు. వచ్చే ఆదివారమే నీళ్ళ ట్యాంకు ప్రారంభం, బస్టాండు నుంచి పైదాకా ఎక్కాలి. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. అటు నిచ్చెన ఆఫీసులో బావమరిదికీ ముమ్మూర్తులా అదే తీర్మానం అందింది. కాకపోతే అతనికి యాభై రెండేళ్ళు, ఛాతీ గట్టిది.

మావయ్య ఇంటికి వచ్చి క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అది లేకపోతే తానెవరు? దువ్వెన పార్టీలో ఒక బట్టతల, అంతే. పదిహేడో ఏట ఈ కర్రముక్క నోట పెట్టుకున్నాడు, దాన్ని వదిలేసి బతకడం అనే మాటే ఆయనకి అర్థం కాలేదు. వాయించి పడిపోవడమంటే మాత్రం కొంచెం అర్థమైంది, కొంచెం భయమూ వేసింది.

ఇప్పుడు అవతలి వరసలు నేర్చుకోవాలి. నేర్పేదెవరు? ఊళ్ళో పాటలన్నీ పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆయన భార్య. ముప్పై ఏళ్ళు ఇద్దరి సాధనా వంటింట్లోంచి విన్నది ఆవిడే. గిన్నెలు కడుగుతూ మొదటి నుంచి చివరిదాకా కూనిరాగం తీసేది. మావయ్య వంటింటి తలుపు వెనక నిలబడి రెండో వరసలు పట్టుకున్నాడు. మేడ మెట్ల మీద బావమరిది కూర్చుని ఒకటో వరసలు పట్టుకున్నాడు. పళ్ళేలు అయిపోతే పాట ఆగిపోతుందని ఇద్దరూ ఆ వారం ఎక్కువ పళ్ళేలు మాసేలా తిన్నారు.

గురువారం నాడు ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. తలుపు చాటున మొగుడు, మెట్ల మీద తమ్ముడి కాళ్ళు. సంగతి అర్థమై కుళాయి కట్టేసింది.

"ఉన్నవి రెండు ఊపిరితిత్తులు, గుక్క తిప్పుకోకుండా వాయిస్తే పడిపోతారని డాక్టరు చెప్పనే చెప్పాడు," అంది మొగుడితో. "అవి కాస్తా పార్టీకిచ్చేస్తే నాకేం మిగులుస్తారండీ?"

మావయ్య గిన్నె ఒకటి తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే తుడిచిన గిన్నె. డాక్టరు మాట బావమరిది చెవిన పడడం అదే మొదటిసారి.

ఆదివారం వచ్చింది. ట్యాంకు కట్టడం మొదలుపెట్టింది దువ్వెన వాళ్ళు, రంగు వేసింది నిచ్చెన వాళ్ళు. అందుకని ఒకే గేటుకి పక్కపక్కనే రెండు రిబ్బన్లు, రెండు కత్తెరలు, ఒకే ముహూర్తానికి రెండు ఉపన్యాసాలు ఏర్పాటయ్యాయి. బస్టాండు దగ్గర గుండీలు పెట్టుకోని బ్యాండు కుడి పేవ్‌మెంటు ఎక్కింది, గుండీలు బిగించుకున్న బ్యాండు ఎడమది ఎక్కింది. రోడ్డు నడిమధ్యన పెద్ద డ్రమ్మువాడు ఒంటరిగా నిలబడ్డాడు. కార్యదర్శి మావయ్య పక్కనే నడుస్తూ ఆయన నోటినే చూస్తున్నాడు, ఊపిరి ఎక్కడైనా తీసుకుంటాడేమోనని.

డ్రమ్ము మోగింది. రెండు పేవ్‌మెంట్ల మీదా ఒకే పాట, పూర్తిగా, ఒక్కసారే మొదలైంది. మావయ్య ఒకటో వరస తనదిగా వాయించాడు. రెండోది బావమరిదిదిగా వాయించాడు. వేళ్ళకి దారి తెలుసు గానీ ఛాతీకి తెలియదు. టైలరు షాపు దాటేసరికి అడుగులు చిన్నవయ్యాయి. మందుల షాపు దగ్గర బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయాయి. వెనక్కి చూస్తే బస్టాండు ఇంకా దగ్గర్లోనే ఉంది, పైకి చూస్తే ట్యాంకు ఆకాశంలో ఉంది. బుగ్గలు ఊదుతూనే ఉన్నాయి, వాటిలోకి పంపడానికి లోపల ఏమీ మిగలలేదు.

జనం బ్రహ్మాండం అన్నారు. వాళ్ళు ఆయన వేళ్ళని చూస్తున్నారు. బావమరిది మాత్రం చెవుల్ని చూశాడు. బావకి ఊపిరి అయిపోతే ముందు చెవులు ఎర్రబడతాయని, తర్వాత నల్లబడతాయని ఈ లోకంలో తెలిసినవాడు అతనొక్కడే. ముప్పై ఏళ్ళలో ఎర్రబడడం దాటనివ్వలేదు, ఆలోపే తన వరస అందుకునేవాడు.

ఎడమ పేవ్‌మెంటు మీద క్లారినెట్ ఆగిపోయింది. నిచ్చెన బ్యాడ్జీ గుండెల మీద పెట్టుకుని, మెడదాకా గుండీలు బిగించుకున్న మనిషి రోడ్డు దాటాడు. డ్రమ్మువాడు దెబ్బ తప్పకుండా పక్కకి తప్పుకున్నాడు. ఎవరో అతని కోటు పట్టుకుని లాగారు, ఒక గుండీ ఊడి ఎటో పోయింది. దువ్వెన కార్యకర్తల మధ్యలోంచి భుజాలతో తోసుకుంటూ వెళ్ళి, ముప్పై ఏళ్ళుగా తాను నిలబడే చోట, బావకి ఎడమ పక్కన నిలబడ్డాడు.

"బావా, ఆపు," అన్నాడు. "ఈ వరస నాది. నీకెవరిచ్చారు?"

అలా అని అందుకున్నాడు. మావయ్య క్లారినెట్ నోట్లోంచి తీశాడు. నాలుగు నెలల ఊపిరి ఒక్కసారి తీసుకున్నట్టు ఆయన కోటు పైకి లేచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దగ్గొచ్చింది, అంతలో మూడో వరస వచ్చేసింది, దాన్ని అందుకున్నాడు. అక్కణ్ణుంచి ట్యాంకు దాకా ఒకరి తర్వాత ఒకరు వాయించుకుంటూ ఎక్కారు. ఎడమ పేవ్‌మెంటు బ్యాండు తమ క్లారినెట్ ఎటు పోయిందో అటే పోవాలి కదా అని రోడ్డు దాటింది. కుడివైపు చోటు చాలక అందరూ రోడ్డు మీదికి దిగారు. ఏ బ్యాండు ముందు చేరిందో రిపోర్టు రాయడానికి వచ్చిన రెండు పార్టీల మనుషులూ కాయితాలు పట్టుకుని బిక్కమొహాలు వేశారు.

ట్యాంకు గేటు దగ్గర కార్యదర్శి, రిబ్బన్లు కత్తిరించడానికి ముందే, మావయ్యని అందరి ముందూ నిలదీశాడు. ఇటు వచ్చింది వాళ్ళ మనిషి కాబట్టి మనం గెలిచినట్టేనన్నాడు. కాకపోతే ఒక్క మాట చెబితే చాలన్నాడు, దారిలో ఊపిరి తీసుకోలేదని. చెబితే కోటు మీదే, క్లారినెట్టూ మీదేనన్నాడు. అతను చెడ్డవాడు కాదు, నిజంగా దారి చూపిస్తున్నాననే అనుకున్నాడు.

మావయ్య బావమరిది వైపు చూశాడు. బావమరిది ట్యాంకు ఎత్తు చూసి కళ్ళు తిరిగి, నేల చూపులు చూస్తున్నాడు.

"తీసుకున్నాను," అన్నాడు మావయ్య. "వాడి వరసలోనే తీసుకున్నాను. నా ఓటు దువ్వెనకే, రేపూ దువ్వెనకే. ఊపిరి మాత్రం వాడి వరసలోనే తీసుకుంటాను. రాసుకోండి."

"మా నిచ్చెన మళ్ళీ గెలుస్తుంది, అదీ రాసుకోండి," అన్నాడు బావమరిది నేలకేసి చూస్తూనే.

కార్యదర్శి ఏది ముందు రాయాలో తెలియక కళ్ళజోడు తుడుచుకున్నాడు. కోటు విప్పమని మాత్రం ఎవరూ అనలేదు. పదిమంది మధ్యలో ఏ కోటు ఎవరి పార్టీదో అప్పటికే కలిసిపోయింది. సగం మందికి గుండీలు ఉన్నాయి, సగం మందికి లేవు, లాక్కోవడంలో ఊడిపోయినవి ఎవరివో చెప్పడం కష్టం. రెండు రిబ్బన్లూ తెగాయి. రెండు ఉపన్యాసాలూ ఒకేసారి మొదలై ఎవరికీ వినపడలేదు.

జనం పలచబడ్డాక బ్యాండు తిరిగి కిందికి బయల్దేరాలి. డ్రమ్మువాడు కర్రలు చేత పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఇక దిగడమే కదా బావా," అన్నాడు బావమరిది. "ఆయాసం ఉండదు. నువ్వొక్కడివే వాయించుకో, నేను పక్కన నడుస్తా."

ఆ పొద్దున రెండో వరసా, నాలుగో వరసా మావయ్య క్లారినెట్‌లోంచి రావడం మందుల షాపు దాకా ఊరంతా విన్నది.

"నీ వరసలు నాకు రావు కదరా," అన్నాడు మావయ్య.

బావమరిది ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. తర్వాత చేతిగుడ్డతో తన క్లారినెట్ మూతి తుడుచుకుని, బావ మొదలుపెట్టడం కోసం ఆగాడు.